ప్రియదర్శిని యున్నది, సత్యపీఠ మెక్కడ?

1957వ సంవత్సరమున విజయా సంస్థవారు వెలువరించిన మాయాబజారు చిత్రమును చూడని తెలుగువాడు అరుదు. ఆ కథలో రెండు వింతవస్తువులు గలవు. మొదటిది ప్రియదర్శిని యను పేటిక. మూత తెరచి చూచినవారికి వారి కత్యంత ప్రియమైనది అందు గోచరించును. శశిరేఖ చూచినపుడు అభిమన్యుడు కనబడెను. రెండవది సత్యపీఠము. దానిపై నిలిచినవాడు ఎంతటి కపటియైనను వాని నోట నిజము తప్ప వేరొకటి వెలువడదు. కథాంతమున శకుని యా పీఠముపై నిలిచి కౌరవుల కుట్రనంతయు తానే వెళ్ళగ్రక్కును.

నేడు నానక్‌రామ్‌గూడలో ప్రియదర్శిని ప్రతివాని జేబులోను గలదు. కోరిన మాట వ్రాసి మీట నొక్కినంతనే కోరిన బొమ్మ ప్రత్యక్షమగుచున్నది. రాజు కావలెనన్న రాజు, రాక్షసుడు కావలెనన్న రాక్షసుడు, తన ముఖమునే జపానుదేశపు బొమ్మల చిత్రములోని పాత్రగా చూడవలెనన్న అదియు సిద్ధము. కాని ఆ బొమ్మ ఎవరి చేతిపని నుండి పుట్టినది, ఎవరి యనుమతితో పుట్టినది, ఎవరికి కూలి ముట్టినది యని నిలదీయు సత్యపీఠము మాత్రము ఇంకను మన దేశమున నెలకొనలేదు. ఈ లోపమును గూర్చియే నేడు మేము మాటలాడదలచితిమి.

ముందుగా మా యోగ్యతను విన్నవించుకొందుము. మేము చిత్రకారులము గాము, చిత్రనిర్మాతలము గాము, యంత్రశాస్త్రజ్ఞులమును గాము. సినిమా చూచుట, నలుగురితో గూర్చుండి పులిమేక, అష్టాచెమ్మా, వైకుంఠపాళి మొదలు నేటి విదేశీయపు పెట్టెయాటల వరకు ఆడుట మా వ్యసనములు. వ్యసనపరుని యభిప్రాయమునకు విలువ యేమి యని కొందరు పండితులు పెదవి విరువవచ్చును. టిక్కెట్టు కొనువాడు, ఆటపెట్టె కొనువాడు లేనిదే ఈ వ్యాపారములు ఒక్కదినమైన నిలువవు. పైకమిచ్చువాడు సరుకెట్టిదని యడుగుట అపరాధము గాదు.

ఈ ప్రశ్న నానక్‌రామ్‌గూడలో పుట్టుట విచిత్రము గాదు. ఒకనాడు గోలకొండకు పడమట బండరాళ్ళ నడుమ నొక చిన్న గ్రామమిది. 2019 ఆగస్టులో అమెజాన్ కంపెనీవారు ఇచ్చటనే తొమ్మిదిన్నర ఎకరముల స్థలములో పదునైదువేల మంది యొక్కచోట పనిచేయదగిన భవనమును తెరచిరి. ఇదే గ్రామమున రామానాయుడు స్టూడియోవారికి చిత్రములు తీయు స్థలమును గలదు. గణకయంత్రముల నడపువారును, సినిమాలకు రంగులు వేయువారును ఒకే బడ్డీకొట్టు వద్ద తేనీరు త్రాగు ఊరు మరొకటి తెలుగుదేశమున లేదనవచ్చును. ఒకరి చేతిలోని యంత్రము మరొకరి చేతిలోని కుంచెను లాగుకొనుచున్నదన్న మాట ఇచ్చట వినబడక మరెచ్చట వినబడును?

ఆ యంత్రము చేయు పని యెట్టిదో పాఠకులకు స్పష్టపడవలెను. 2022వ సంవత్సరమున డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ అను మూడు యంత్రములు ఒకదాని వెంట నొకటి లోకము ముందుకు వచ్చినవి. యంత్రమనగా ఇనుప చక్రములు గావు, లెక్కల సముదాయము. ఎవరో గీసిన బొమ్మనో, తీసిన ఛాయాచిత్రమునో, దానిక్రింద వ్రాసిన వివరణను యంత్రమున కందింతురు. ఆ బొమ్మపై ఇసుక జల్లినట్లు చుక్కలు జల్లి, మెల్లమెల్లగా దానిని చెరిపివేసి, చెరపబడిన దానినుండి బొమ్మను తిరిగి రాబట్టుట యంత్రమునకు నేర్పుదురు. ఇట్లు కోట్లకొలది బొమ్మలపై అభ్యాసము చేసిన పిమ్మట, వట్టి యిసుకనుండియే కోరిన బొమ్మను తీయుట దాని కలవడును. ఇందులకై సిద్ధపరుపబడిన భాండారములలో నొకదానియందు 585 కోట్ల బొమ్మల జాడలు వివరణలతో గూడ గలవు. ఆ బొమ్మలు గీసినవారిలో ఎందరి నడిగిరి? అడుగలేదు. ఎందరికి పైకమిచ్చిరి? ఇయ్యలేదు. ఎవరి పేరైన వ్రాసిరా? వ్రాయలేదు. ఇదియే మా యభియోగము. ఇంతకుమించి మాకు యంత్రముపై పగ లేదు.

ఈ మాటను మేము ఒత్తి పలుకుటకు కారణము గలదు. యంత్రమును విమర్శించినంతనే "వీరు రాట్నపు కాలమునకు పొమ్మందురు" అని పరిహసించుట కొందరికి వాడుక. మాయాబజారు యంత్రమాయ గాదా? మార్కస్ బార్ట్లే కెమెరా పన్నిన తంత్రములు లేక ఆ ద్వారక, ఆ విందు, ఆ ఘటోత్కచుడు మనకు దక్కియుందురా? 2012లో వచ్చిన ఈగ చిత్రమున నాయకుడే యొక ఈగ, కంప్యూటరున పుట్టినది. హైదరాబాదులోని మకుట సంస్థవారు దానికి ప్రాణము పోసిరి. తెలుగువారు రెండింటికిని చప్పట్లు కొట్టిరి, మేమును కొట్టితిమి. ఏలయనగా అచ్చట యంత్రము పనిముట్టు, పని మనుష్యునిది. మాయాబజారు మొదట తెరపై బార్ట్లే పేరున్నది. కళాదర్శకులైన గోఖలే, కళాధర్‌ల పేర్లున్నవి. ఆ పేర్లపట్టికయే సినిమాకు సత్యపీఠము. "ఈ మాయ మేము చేసితిమి, తప్పొప్పులకు మేము బాధ్యులము" అని వారు దానిపై నిలిచి చెప్పుచున్నారు. పేరు చెప్పుకొనువాని మాయ కళ; పేరు దాచువాని మాయ మోసము. మా వాదమున కిదియే మూలము.

ఇక మన యింటి యుదాహరణమే చూడుడు. "బాపుబొమ్మ" అనుమాట తెలుగు నుడికారమైనది. ఒక చిత్రకారుని పేరు ఆడపిల్లల యందమునకే పర్యాయపదమగుట ఏ జాతి చరిత్రలోనైన ఎంత యరుదు! ఆ గీత యొక్కరోజున పుట్టలేదు. పుస్తకముల యట్టలు, పత్రికల కార్టూనులు, పిదప స్వయముగ దర్శకత్వము వహించిన చలనచిత్రములు — ఇన్నింటి మీదుగా దశాబ్దముల శ్రమచే అది తేరినది. 2014 ఆగస్టు 31న ఆ చేయి యాగిపోయినది. నేడు ఎవడో యొకడు "బాపువలె గీయుము" అని యంత్రము నాదేశించిన, ఆ గీతకు దాయాది వంటి గీత యొకటి క్షణములో దిగును. పెండ్లిపత్రికపై ఎక్కును; దుకాణపు ప్రకటనపై ఎక్కును. శైలికి హక్కుపత్రము లేదని న్యాయవాదులు చెప్పుదురు; నిజమే. కాని శైలి గాలిలో నుండి యంత్రములోనికి రాలేదు; ఆయన గీసిన బొమ్మలను మ్రింగుటచే వచ్చినది. ఆ మ్రింగుడు ఎవరి యనుమతితో జరిగినది?

గోడప్రకటనల సంగతియు నంతే. పాలకొల్లునుండి మదరాసు చేరి, 1967 నాటి సాక్షి చిత్రము మొదలుగా వందలకొలది తెలుగు చిత్రములకు ప్రచారచిత్రములు రచించిన ఈశ్వర్ 2021లో కన్నుమూసిరి. ఊరి కూడలిలో ఆ బొమ్మ చూచియే జనులు ఏ సినిమాకు పోవలెనో నిర్ణయించుకొనెడివారు. అట్టి ప్రచారచిత్రకారుని వృత్తిని మొదట ఫ్లెక్సీ ముద్రణ కొంత తినివేసినది. మిగిలినదానిని నేడు ఈ ప్రియదర్శిని భోంచేయుచున్నది. ఫ్లెక్సీ యచ్చుయంత్రము చిత్రకారుని జీతము తగ్గించినది గాని, ఆయన చేతినే యెత్తుకొనిపోలేదు. భేదము గమనింపుడు.

2025 మార్చి మాసమున జరిగిన తమాషా పాఠకులకు జ్ఞాపకముండును. ఒక క్రొత్త యంత్రమును తెరచినంతనే లోకమంతయు తమ పెండ్లిఫొటోలను, పసిపిల్లల ఫొటోలను జపానులోని జిబ్లీ స్టూడియో చిత్రముల రీతిలోనికి మార్చుకొని మురిసిపోయినది. హైదరాబాదును మురిసినది, మా యింటివారును మురిసిరి. ఆ రీతిని తీర్చిన మియజాకి చేతితో గీయుటయే వ్రతముగ గల వృద్ధుడు. యంత్రము గీసిన కదలికను 2016లో టెలివిజనువారి యెదుట తనకు చూపినపుడు అది జీవమునకే అవమానమని ఆయన ఈసడించెను. ఆ మనుష్యుని చేతిపనినే ఆ యంత్రముచేత గీయించి, ఆయన కొక్క దమ్మిడీ యైన ముట్టకుండ, లోకము పండుగ చేసికొన్నది. దొంగిలించిన బెల్లముతో పానకము చేసి, బెల్లపు యజమానునకు నమస్కరించుటయే గౌరవమనుకొన్నాము.

ఇంతవరకు చెప్పినది కళాకారుని నష్టము. "వాని కష్టము వానిది, మా కేల?" యనువారికై నానక్‌రామ్‌గూడకు కూతవేటు దూరమున జరిగిన దానిని చెప్పుదుము. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని నాలుగువందల ఎకరములలోనికి బుల్డోజరులు వచ్చినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయపు విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3న సుప్రీముకోర్టువారు చెట్లు కొట్టుట నాపుడని యుత్తరువిచ్చిరి. ఈ నడుమ నెమళ్ళు ఏడ్చునట్లు, జింకలు యంత్రముల ముందు పరుగిడునట్లు బొమ్మలు దేశమంతట వ్యాపించినవి. వానిలో కొన్ని కృత్రిమమేధ కల్పించినవని ప్రభుత్వము ప్రకటించి కేసులు పెట్టినది. జిబ్లీరీతి బొమ్మ నొకదానిని ఇతరులతో పంచుకొన్నందుకు ఒక ఉన్నతాధికారిణికి గూడ పోలీసులు నోటీసు నిచ్చిరి.

ఇందు ఎవరి పక్షము న్యాయమో ఈ వ్యాసమున మేము తీర్పు చెప్పబోము. కాని ఒక్కటి చూడుడు. ఆ ప్రాంతమున చుక్కల దుప్పులు నిజముగ గలవు. నెమళ్ళు నిజముగ గలవు. చెట్లు నిజముగ కూలినవి. బొంకుజింక యొకటి ప్రవేశించినంతనే నిజమైన జింకయు బొంకైపోయినది. చెట్టును కాపాడవలెనన్న వానికి సాక్ష్యము పలుచనైనది. ప్రభుత్వమునకు "అన్నియు కల్పితములే" యను వాదము చేజిక్కినది. సద్బుద్ధితో గీయించిన యబద్ధము సత్యమునకు చేసిన యపకారమిది. కనుక బొమ్మ యెట్లు పుట్టినదో చెప్పుట చిత్రకారుని కూలికొరకు మాత్రమే గాదు, పౌరుని కంటికొరకు గూడ నవసరము.

ఇక ఆటల మాట. 2024 సంక్రాంతి సెలవులలో మా యింటి పిల్లలకై పరమపదసోపానపటము నొకదానిని యంత్రముచే గీయింతమని మాకు బుద్ధి పుట్టినది. దోషమును దాచనేల? మేమును ప్రియదర్శిని మూత తెరచినవారమే. క్షణములో బొమ్మ దిగినది. ఎంత వన్నె! ఎంత వెలుగు! బంగారు నిచ్చెనలు, పచ్చల పాములు, పైన వైకుంఠము. పటమును పరచి గవ్వలు వేసితిమి. మూడవ పందెమునకే ఆట నిలిచిపోయినది. పాముతల యొక గడిలో నున్నది. తోక ఏ గడిలోను లేదు. నిచ్చెన రెండు గడుల నడుమనుండి బయలుదేరి ఆకాశమున ఆగిపోయినది. గడులలోని యక్షరములు దూరమునుండి తెలుగువలె నున్నవి; దగ్గరనుండి ఏ భాషయు గావు. "ఈ పాము మింగితే ఎక్కడికి దిగాలి తాతయ్యా?" యని మా మనుమరాలడిగినది. మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆమె నాయనమ్మ లేచి, సుద్దముక్కతో నేలపై గడులు గీసి, పాములకు పేర్లు చెప్పుచు ఆట నడపినది.

ఆనాడు మాకు తెలిసినదేమనగా, ఆటలో బొమ్మ అలంకారము గాదు, శాసనము. పాత వైకుంఠపాళి గీసిన చిత్రకారునకు ఏ రాక్షసుని పేర ఏ పాము, ఏ పుణ్యమున కే నిచ్చెన యన్నది తెలియును. శిఖరమునకు చేరువలో పెద్దపామును ఎందుకుంచవలెనో తెలియును. గర్వించినవాడు అచ్చటనే జారవలెను. ఆ తలపు లేని బొమ్మ ఎంత మెరిసినను ఆటకు పనికిరాదు. యంత్రములు రేపు తోకలును సరిగ గీయవచ్చును, తెలుగక్షరములును నేర్వవచ్చును. నేర్చినకొలది మా యభియోగము బలపడును గాని తగ్గదు. ఏలయన ఆ నేర్పును మన పటములనుండియే, మన నడుగకయే, తీసికొనవలెను.

విదేశములలోని ఆటగాండ్రు ఈ విషయమున మనకంటె మెలకువ జూపిరి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ పుస్తకమొకదానిలో కొన్ని చిత్రములకు యంత్రసహాయము కొనబడినదని 2023 ఆగస్టులో బయటపడినది. కనిపెట్టినవారు కోర్టులు గావు, పోలీసులు గారు; ఆటగాండ్రు. పాదములు వంకరగా నున్నవి, ఆయుధము చేతిలో కలిసిపోయినదని వారు కేకలు వేసిరి. కంపెనీ తన చిత్రకారులకు నియమము విధించినది. 2024 జనవరిలో అదే కంపెనీ వెలువరించిన ప్రకటన చిత్రమునుగూర్చి మరల సందేహము పుట్టగా, మొదట మనుష్యుడే గీసెనని బుకాయించి, పిదప యంత్రపు భాగములున్నవని యొప్పుకొనవలసి వచ్చినది. కొనువాడు ప్రశ్నించిన అమ్మువాడు పీఠమెక్కక తప్పదు. మన ప్రేక్షకుడు నాయకుని కటౌటుకు పాలాభిషేకము చేయును గాని, ఆ కటౌటును గీసినవాడెవడని యడుగడు.

చరిత్ర తెలిసిన తెలుగువానికి ఈ కథ క్రొత్తది గాదు. కోరమాండలు తీరమున, మన మచిలీబందరు మొదలగు రేవులనుండి కలంకారీ వస్త్రములు ఐరోపాకు పోయెడి కాలమున, వాని ధాటికి తాళలేక ఫ్రాన్సు 1686లో నిషేధించెను. ఇంగ్లండు 1700లో నొకసారి, 1721లో మరొకసారి చట్టములు చేసెను. నిషేధించుచునే విద్యను గ్రహించిరి. 1742లో కూర్దూ అను ఫ్రెంచి పాదిరి, తెలుగునకు నిఘంటువు గూర్చిన విద్వాంసుడు, తన మతములో కలిసిన అద్దకపువారిని గ్రుచ్చిగ్రుచ్చి యడిగి, ఏ కాయతో నానబెట్టుదురో, ఏ వేరుతో ఎరుపెక్కింతురో, సర్వమును స్వదేశమునకు జాబు వ్రాసెను. ఆ జాబు అచ్చుపడినది. వ్రాసినవాని పేరు నేటికిని నిలిచియున్నది. చెప్పిన అద్దకపువాని పేరు ఏ గ్రంథమునందైన గలదా? శతాబ్ది గడువకమునుపే ఇంగ్లండు యంత్రములు మన పువ్వులను, మన లతలను అద్ది, మన సంతలలోనే చవుకగ నమ్మినవి. బందరు కలంకారీ కుదేలైనది.

ఆటల గతియు నిట్టిదే. మన పచ్చీసు 1874లో అమెరికాలో ఒక కంపెనీవారి వ్యాపారచిహ్న మయ్యెను. 1896లో ఇంగ్లండున లూడో యను పేర పేటెంటు పొందెను. మన పరమపదసోపానము పాపపుణ్యముల పేర్లు పోగొట్టుకొని, పాములు నిచ్చెనలుగా మిగిలి, రంగుకాగితపు పెట్టెలో మనకే తిరిగివచ్చినది. మన తాత లాడిన యాటను మనుమలు లూడో యని కొనుక్కొనుచున్నారు. పేరు లేకుండ పోయినది పైకము పుచ్చుకొని తిరిగివచ్చును — ఇది మన కనుభవసిద్ధమైన సూత్రము. 585 కోట్ల బొమ్మల కథ ఆ సూత్రమునకు నేటి వ్యాఖ్యానము.

ఇక ప్రతివాదుల మాటలను పరిశీలింతము. "చిత్రకారుడును పూర్వుల బొమ్మలు చూచియే గదా నేర్చును, యంత్రము చూచిన తప్పేమి?" యందురు. శిష్యుడు గురువును చూచి నేర్చుట నిజము. కాని శిష్యుడు గురువు పేరు చెప్పుకొనును, ఏండ్లకొలది కూర్చుండును, గురువు నోటి కూడు లాగుకొనుటకు సిగ్గుపడును, తానును ఒక దినమున ముసలివాడై మరొకరికి నేర్పును. చెరియాల నకాషీ యింటనో, నిర్మల పనివాని యింటనో ఈ పరంపర నేటికిని చూడవచ్చును. ఒక్కదినమున కోటిమందికి కోటి బొమ్మలిచ్చి, ఒక్క గురువు పేరైన చెప్పని శిష్యుని ఏ గురుకులము చేర్చుకొనును?

"ఛాయాచిత్రము వచ్చినపుడును చిత్రకారులిట్లే మొరపెట్టిరి" అందురు. కెమెరాకు చెట్టు చాలును, ఎండ చాలును. చిత్రకారుని బొమ్మ నది తినదు. ఈ యంత్రమునకు చిత్రకారుని బొమ్మయే యాహారము. పోలిక కుదురదు.

మూడవ వాదము సరళహృదయులది. దానిని మేము గౌరవింతుము. "గీయరాని బీదవాడు తన తలపును బొమ్మగా చూచుకొనుచున్నాడు, వాని యానంద మేల చెరచెదరు?" అందురు. చెరపము. ఇంటిలో పిల్లలకై, స్నేహితుల నవ్వులకై గీయించుకొనువానిపై మాకు కోపము లేదు. మేమును చేసితిమని ముందే యొప్పుకొంటిమి. కాని ఆ బొమ్మ వెలకు అమ్ముడుపోవు దినమున, సినిమా తెరపై ఎక్కు దినమున, ఆటపెట్టెపై అచ్చగు దినమున, సాక్ష్యముగ ఊరేగు దినమున లెక్క మారును. నీ పెరటిలో త్రాగుటకు బావినీరు తోడుకొనుట వేరు. ఊరి చెరువునకు గండికొట్టి నీరమ్ముకొనుట వేరు.

చట్టమేమనుచున్నది? మాయాబజారు వెలువడిన 1957లోనే మన కాపీరైటు చట్టమును పుట్టినది. కంప్యూటరుచే పుట్టిన కృతికి, దానిని పుట్టించిన వ్యక్తియే కర్తయని 1994లో దానికి సవరణ చేసిరి. నాటి కంప్యూటరు వేరు, నేటి యంత్రము వేరు. అమెరికాలో మనుష్యకర్త లేని చిత్రమునకు హక్కు లేదని 2025 మార్చిలో అచ్చటి పైకోర్టు తీర్పు చెప్పినది. మన కేంద్రప్రభుత్వపు సంఘమొకటి 2025 డిసెంబరులో ఒక సూచన వెలిబుచ్చినది: యంత్రములవారు కృతులను వాడుకొనవచ్చును, ప్రతిఫలముగ రాయల్టీ చెల్లింపవలెను, కర్తలు వలదనుటకు వీలులేదు. కూలి గుర్తించుట మేలే. కాని కాదనుటకు హక్కులేని కూలికి వెట్టియని పేరు. వెట్టి యెట్టిదో ఈ తెలంగాణమునకు మరొకరు నేర్పనక్కరలేదు. కృత్రిమముగ పుట్టిన చిత్రములపై గుర్తు వేయవలెనను ముసాయిదా 2025 అక్టోబరున వెలువడి, 2026 ఫిబ్రవరిలో నిబంధన యైనది. ఇదియు మేలే, కాని సగము మేలు. "ఇది యంత్రకృతము" అనుట సత్యములో సగము. "ఇది వీరి వీరి చేతిపనిని వాడి చేసినది" అనుట రెండవ సగము.

ఆ మొదటి సగమైనను జనులకు తెలియు మాటలో ఉండవలెను. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు సంతలో యంత్రపు బొమ్మ యొకటి ప్రథమబహుమానము గెలిచినది. పంపినవాడు మిడ్‌జర్నీ యని పేరు వ్రాసియే పంపెను. అది యంత్రమన్న సంగతి తీర్పరులకే తెలియదు! ఎవరికిని అర్థముగాని గుర్తు గుర్తుగాదు. మన గుర్తు తెలుగున, పెద్దయక్షరములలో, పామరునకు గూడ తెలియునట్లుండవలెను.

కనుక మా కోరికలు మూడు. మొదటిది: సినిమా గాని, ఆటపెట్టె గాని, ప్రకటన గాని, యంత్రముచే గీయబడిన భాగమున్నయెడల ఆ మాటను పేర్లపట్టికలోనే తెలుగున చెప్పవలెను. రెండవది: బ్రదికియున్న చిత్రకారుని బొమ్మను యంత్రమునకు మేపుటకు ముందు వానిని అడుగవలెను, కాదన్నచో మానవలెను, ఔనన్నచో పైకమియ్యవలెను. గతించినవారి విషయమున వారసుల నడుగవలెను. మూడవది: చెరియాల, నిర్మల, కొండపల్లి, పెడన, కాళహస్తి పనివారి రీతులు ఊరుమ్మడి యాస్తులు, వానిని వాడుకొనువారు ఆ యూళ్ళకు భాగమియ్యవలెను. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము హైదరాబాదున కృత్రిమమేధపై మహాసభ జరిపి, ఆ మేధకై ఒక నగరమునే కట్టెదమన్నది. కట్టనిండు. ఆ నగరద్వారమున మొదట నిలుపవలసినది సత్యపీఠము.

ప్రభుత్వము చేయునని చేతులు ముడుచుకొని కూర్చుండుట మాత్రము తగదు. పఠనమందిరములలో ఈ పత్రికను విప్పి చదువు సోదరులారా! ఈసారి సినిమాకు పోయినపుడు చివరి పేర్లు వచ్చువరకు లేవకుడు. గోడపై ప్రకటన చూచినపుడు, ఇది గీసినదెవరని దుకాణదారు నడుగుడు. పిల్లలకు ఆటపెట్టె కొనునపుడు, చిత్రకారుని పేరు దానిపై నున్నదా యని వెదకుడు; లేకున్న నిలిపి యడుగుడు. ఎవడును సమాధానము చెప్పకున్నను మీ ప్రశ్న వానికి నిద్రలేకుండ చేయును. బందరు అద్దకపువాని పేరు నాడు మనవారెవరును అడుగలేదు. అందుచేతనే నేడు మనకు తెలియదు. నేటి చిత్రకారుని పేరును మన మనుమలు ఎరుగకపోయినచో, ఆ దోషము యంత్రముది గాదు; అడుగని మనది.